పిల్లల ప్రశ్న – రచయిత జవాబు

తొమ్మిదవ తరగతిలో ఒక కథను బోధించుచుండగా, వెనుక బల్లపై కూర్చున్న పిల్లవాడొకడు లేచి, "సార్, ఈ కథ రాసినాయన బతికే ఉన్నడా?" అని అడిగినాడు. తరగతి అంతయు నవ్వినది. నేనును నవ్వితిని. ఉన్నారనియు, హైదరాబాదులోనే ఉన్నారనియు చెప్పితిని. "అయితే ఆయన్నే అడగొచ్చు గద సార్!" అని వాడు కూర్చున్నాడు. ఏమి అడుగదలచినాడో నేను విచారింపలేదు. ఇంతలో గంట కొట్టినారు. పాఠము ముగిసినది.

ఆ నవ్వు తరువాత చాల దినములు నన్ను బాధించినది. వాని ప్రశ్నలో నవ్వదగినది ఏమియు లేదు. మన వాచకములలో పాఠమునకు తోడుగా కవి పరిచయము ఉండును. జననము, మరణము, తల్లిదండ్రులు, రచనలు, బిరుదులు వరుసగా ఉండును. పిల్లవాడు వాటిని కంఠస్థము చేసి పరీక్షలో అప్పగించును. పాఠ్యభాగము యొక్క ఉద్దేశము గూడ ముందే అచ్చువేసి ఉండును గనుక, దానిని వెదకు శ్రమయు వానికి లేదు. పదియేండ్లు ఇట్లు చదివిన విద్యార్థి మనస్సులో రచయిత అనగా ఎప్పుడో పోయినవాడు, బిరుదులు గలవాడు, ఎన్నడును మారు పలుకనివాడు అను భావము పాతుకొనుటలో ఆశ్చర్యమేమున్నది? ఆ పిల్లవాడు ఆ భావమును శంకించినాడు. మేము నవ్వితిమి.

"ఆయన్నే అడగొచ్చు గద" అను మాట నేడు అక్షరాల నిజము. గోడమీద ఒక తెర, ఒక యంత్రము, అంతర్జాలపు సంధానము ఉన్నచో జడ్చర్లలోని తరగతి గదికి హైదరాబాదులోని కథకుడు గాని, అమెరికాలోని కవి గాని కొద్ది నిమిషములలో రాగలడు. ఇట్టి ముఖాముఖీలు ప్రతి పాఠశాలలోను, ప్రతి గ్రంథాలయములోను జరుగవలెనని నా అభిప్రాయము. అయితే నేడు అవి సాధారణముగా జరుగుచున్న తీరున జరిగినచో జరుగకుండుటయే మేలని గూడ నా అభిప్రాయము. ఈ రెండు మాటలకును కారణములు చెప్పుటకే ఈ వ్యాసము.

కవిని ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నించుట మన పాలమూరు గడ్డకు కొత్త కాదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము సంస్థానములు విద్వత్సభలకు పేరుపొందినవి. గద్వాలకు "విద్వద్గద్వాల" అను కీర్తియే కలదు. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానములకు వచ్చి సభలు చేసి సత్కారములు పొందినవారే. అవధానమును ఒకసారి తలచుకొనుడు. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు కూర్చుండెదరు. ఒకడు సమస్య నిచ్చును, ఒకడు దత్తపది నిచ్చును, ఒకడు అక్షరమును నిషేధించును, ఒకడు వర్ణన కోరును. వచ్చినవారెల్ల పొగడుటకే వచ్చిన సభ కాదది. ప్రతివానికి ఒక పని ఉన్నది, ఒక వంతు ఉన్నది. అడ్డుమాటలు ఆడువానికి గూడ "అప్రస్తుత ప్రసంగము" అను పేరు పెట్టి ఒక స్థానము కల్పించినారు మన పెద్దలు. అడ్డుమాట ఎట్లును తప్పదనియు, దానిని ఒక్కనికి అప్పగించినచో మిగిలినవారు క్రమము తప్పరనియు వారు గ్రహించినట్లున్నది. కవితో ముఖాముఖి నడుపుటకు ఇంతకంటె చక్కని ఏర్పాటును నేటి సాంకేతిక నిపుణులు గూడ కల్పింపలేదు.

కాని ఆ సభలో ఎవరికి చోటుండెను? సంస్కృతాంధ్రములు అభ్యసించిన పండితులకు, సంస్థానపు ఉద్యోగులకు, ప్రభువుల ఆదరము గలవారికి. చెరువు గట్టున పశువులు కాచు పిల్లవానికి ఆ చావడిలో ప్రశ్న అడుగు అధికారము లేదు. సంస్థానములు పోయినవి. వానితో ఆ సభలును పోయినవి. వాటికై కంట తడి పెట్టవలసిన పని లేదు. అయినను వాటిలోని విధానమును మాత్రము మనము పారవేయరాదు.

సంస్థానములు ఇంకను ఉన్న దినములలోనే పుస్తకము ప్రజల వద్దకు బయలుదేరినది. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. ఈ పాలమూరు బిడ్డయే అయిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926 మే 10 న గోలకొండ పత్రికను ఆరంభించినారు. తెలంగాణములో కవులు లేరను మాటకు ఆయన వాదముతో బదులు చెప్పలేదు. ఊరూర నుండి రచనలు తెప్పించి, 354 మంది కవులతో 1934 లో గోలకొండ కవుల సంచికను అచ్చొత్తించి చూపినారు. నల్లగొండ బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938 లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తామే మోసికొని తిరిగి అమ్మినారు. ఆ మహనీయుల వలన పుస్తకము పాఠకుని ఇంటికి వచ్చినది. కాని రచయిత రాలేదు. రాగల వీలును ఆనాడు లేదు. కథ చదివి కన్నీరు పెట్టినవాడు ఉత్తరము వ్రాయవలెను, జవాబు కొరకు తపాలావాని దారి చూడవలెను.

నేడు ఆ కొరత తీరినది. జడ్చర్ల హైదరాబాదునకు సుమారు 85 కిలోమీటర్ల దూరమున, 44 వ జాతీయ రహదారిపై ఉన్న ఊరు. రైలు ఉన్నది, రోజంతయు బస్సులు ఉన్నవి. అయినను రవీంద్రభారతిలోనో, మరియొక సభా భవనములోనో సాయంకాలము జరుగు పుస్తకావిష్కరణకు బాదేపల్లి పిల్లవాడు పోలేడు. పోయిన రాత్రికి తిరిగి రావలెను, బస్సు ఖర్చు ఉన్నది, తోడు ఎవరు? ఇక ఆడపిల్లల మాట చెప్పనే అక్కరలేదు. ఈ దూరమును తెర తుడిచివేసినది. డల్లాసు నగరమందలి తెలుగువారు "నెల నెలా తెలుగు వెన్నెల" అను సాహిత్య సదస్సును ఏండ్ల తరబడి నెల తప్పక నడుపుచున్నారు. 2020 లో కరోనా మహమ్మారి వచ్చి సభా భవనములు మూతపడినప్పుడు ఇట్టి సదస్సులెన్నో అంతర్జాలమునకు మారినవి. డల్లాసులో శనివారము రాత్రి ఎనిమిది గంటలైనప్పుడు మనకు ఆదివారము ఉదయము ఆరున్నర, వారి చలికాలములో ఏడున్నర. పొద్దుటి చాయ త్రాగుచు జడ్చర్ల ఉపాధ్యాయుడు ఆ సభలో కూర్చుండవచ్చును. ఇది మన తాతలు ఊహింపని భాగ్యము.

అదే 2020 లో, సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రములో టి-శాట్ ద్వారా, దూరదర్శన్ యాదగిరి ద్వారా పిల్లలకు పాఠములు ప్రసారము చేసినారు. ఆ కష్టకాలములో అది చేయదగిన పనియే. కాని టీవీలోని ఉపాధ్యాయుని పిల్లవాడు ఆపలేడు, అడుగలేడు, అర్థము కాలేదని మొగము పెట్టినను ఆయన చూడలేడు. తెర ఉన్నంతమాత్రమున సంభాషణ ఉండదని ఆనాడు ప్రతి ఇల్లును నేర్చుకొన్నది. రచయితతో ముఖాముఖి అనునది ప్రసారము కారాదు. అందు ప్రశ్నయే ప్రాణము.

నా అనుభవమునే చెప్పెదను. ఆ పిల్లవాని మాట మనస్సులో ఉండి, మా పాఠశాలలో ఒకసారి రచయితతో అంతర్జాల ముఖాముఖి ఏర్పాటు చేసితిని. ఉచితముగా లభించు జూము సమావేశము 40 నిమిషములకు తనంతట తానే ముగియునని నాకు తెలియును. అయినను మా అలవాట్లను మేము మానలేదు. ప్రార్థనాగీతము, స్వాగత వచనములు, అతిథి పరిచయము, పరిచయము చేసినవారికి మరల పరిచయము. పిదప పెద్దలు ముగ్గురు తమ ఆనందమును వెల్లడించినారు. వారి ఆనందము ఇరువది నిమిషములు పట్టినది. తెర ప్రక్కన సందేశములు వ్రాయు చోట నమస్కారములు, పువ్వుల బొమ్మలు, జోడించిన చేతుల బొమ్మలు పుంఖానుపుంఖముగా వచ్చినవి. ఆ రచయిత పుస్తకమును చదివినవారు ఆ సభలో ఎందరని అడిగిన నేను తల వంచుకొనవలసి ఉండెను. తుదకు ఒక విద్యార్థిచేత మేము వ్రాసి ఇచ్చిన ప్రశ్న నొకటి చదివించితిమి: "మీరు పొందిన పురస్కారములు ఎన్ని?" ఆ పెద్దమనిషి చిరునవ్వుతో, "పురస్కారముల మాట అట్లుంచి, నీవు కథ చదివితివా నాయనా?" అనుచుండగనే తెర నల్లబడినది. నలుబది నిమిషములు పూర్తియైనవి.

ఆ నల్లని తెర ముందు కూర్చుండి మేము నేర్చుకొన్నది చాల ఉన్నది. రెండవ మారు పెద్దలను పిలువలేదు. ఒక్క తరగతి, ఒక్క తెర, నాలుగు పుటల కథ ఒక్కటి. రెండు వారముల ముందుగా పిల్లలు ఆ కథను రెండు మారులు చదివినారు. ప్రతివారును ఒక చీటిపై ఒక ప్రశ్న వ్రాసినారు. ఆ చీటీలను పిల్లలే వేరుపరచినారు. ఒకే అర్థము గలవానిని కలిపినారు. పురస్కారముల ప్రశ్నలను వారే నవ్వుచు ప్రక్కన పెట్టినారు. ఏడు ప్రశ్నలు నిలిచినవి.

కథలో తండ్రి కూలికై బొంబాయి పోవును, తల్లి ఊరిలో అతని దారి చూచుచుండును. పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలు కట్టినారు, మహానగరములు కట్టినారు. మా పిల్లలకు ఆ కథ కొత్త కాదు. ఒక బాలిక తన ప్రశ్నను నోట పలుకుటకు సిగ్గుపడగా, ప్రక్కపిల్ల దానిని తెరపై వ్రాసి పంపినది: "కథల నాయిన ఒక్కడే బొంబై పోతడు. మా ఇండ్లల్ల అమ్మ గూడ పోతది. మీ కథల అమ్మ ఎందుకు పోలే సార్?"

రచయిత కొంతసేపు మాటాడలేదు. యంత్రము చెడినదేమో యని నేను లేవబోతిని. పిదప ఆయన, "నేను ఆ వైపు చూడలేదమ్మా. తల్లి ఇంటనే ఉండునని అనుకొన్నాను. మీ ఇంటిలో ఎట్లుండునో నీవు చెప్పు" అన్నారు. అంతవరకు తల ఎత్తని ఆ బిడ్డ లేచి నిలువబడి, తన తల్లి ఎన్ని నెలలు పోవునో, తాను ఎవరి యింట ఉండునో, ఫోనులో ఏమేమి మాటాడుకొందురో, వాపసు వచ్చినప్పుడు చిన్న తమ్ముడు తల్లిని గుర్తుపట్టక ఏడ్చుట ఎట్లో, ఐదు నిమిషములు చెప్పినది. తెరపై రచయిత కాగితము తీసి వ్రాసికొనుచుండిరి. ఆనాడు తరగతిలో నవ్వినవారు లేరు.

ఇట్టి ఐదు నిమిషముల కొరకే ఈ శ్రమ అంతయు. అవి వాటంతట అవి రావు. నాకు తోచిన నియమములను ఉపాధ్యాయ మిత్రుల ముందు ఉంచుచున్నాను.

మొదటిది: చదువనివారికి సభలో చోటు లేదు. చిన్న రచననే ఎన్నుకొనుడు. కాని అందరును చదువవలెను. పుస్తకము తెరువని తరగతికి రచయితను పిలుచుట, అన్నము వండకయే అతిథికి విస్తరి వేయుట వంటిది.

రెండవది: కాలమును ముందే పంచవలెను. నలుబది నిమిషములలో స్వాగతమునకు రెండు, రచయిత పలుకులకు ఎనిమిది, ముగింపునకు ఐదు. మిగిలిన ఇరువదియైదును పిల్లలవి. సభను నడుపు ఉపాధ్యాయుడు గంట చేత పట్టుకొనవలెను గాని వాక్కును చేపట్టరాదు. పిల్లవాని ప్రశ్నను సరిదిద్ది, "వాడు అడుగదలచిన దేమనగా" అని మరల చెప్పు అలవాటు మనకు మిక్కుటము. ఆ బాలిక ప్రశ్నను నేను వాచక భాషలోనికి మార్చియున్నచో, అందలి "మా ఇండ్లల్ల" అను మాట పోయెడిది. దానితో ప్రశ్నయే పోయెడిది.

మూడవది: నోరు విప్పలేనివారికి వ్రాత మార్గము ఉండవలెను. ప్రత్యక్ష సంభాషణలో తెర ప్రక్కన వ్రాయు సౌకర్యము ఇందుకే ఎంతో మేలైనది. కాని ఆ వ్రాత తెలుగు అక్షరములలో ఉండవలెను. తెలుగు లిపికి 1991 నాటి యూనికోడు తొలి రూపములోనే చోటు దొరికినది. నేడు సామాన్యమైన సెల్‌ఫోనులో గూడ తెలుగు వ్రాయవచ్చును. అట్లుండగా ఇంగ్లీషు అక్షరములలో తెలుగు ప్రశ్న వ్రాయుట కేవలము సోమరితనము. పిల్లలు ఒక్క గంటలో నేర్చుకొందురు. నేర్పవలసినవారమే ఇంకను నేర్చుకొనలేదు.

నాలుగవది: సమావేశపు చిరునామాను బజారులో చాటరాదు. 2020 లో అపరిచితులు ఇట్టి సమావేశములలో జొరబడి అసభ్యముగా ప్రవర్తించిన ఉదంతములు లోకమంతట వినవచ్చినవి. పిల్లల ఫోను నంబరులు, ఇంటి వివరములు తెరమీదికి రానీయరాదు. ఒక్కొక్కరు ఒక్కొక్క ఫోనుతో గాక తరగతి అంతయు ఒకే తెర ముందు కూర్చున్నచో ఈ భయము చాలవరకు తీరును. ఫోను లేని బిడ్డ వెలియగుటయు ఉండదు.

ఐదవది: జరిగినదానిని వ్రాసి ఉంచవలెను. అంతర్జాలములోనిది శాశ్వతమని మనము భ్రమపడుచున్నాము. తెలుగువారు ఎన్నో సాహిత్య చర్చలు నడిపిన యాహూ గ్రూపుల సేవ 2020 డిసెంబరు 15 న మూతపడినది. ఎవరైనను దింపి దాచుకొన్నవి తప్ప మిగిలిన చర్చలకు దిక్కు లేదు. ప్రశ్నలను, జవాబులను ఒక నోటుపుస్తకములో వ్రాయించి పాఠశాల గ్రంథాలయమున ఉంచినచో, పది యేండ్ల తరువాత వచ్చు పిల్లలకు అదియే ఒక వాచకము.

ఆరవది: రచయిత కాలమునకు విలువ ఉన్నది. శాలువ కప్పుటకు వీలులేని సభ గనుక ఖర్చు లేదని సంతోషింపరాదు. ఆయన పుస్తకములు పది ప్రతులు కొని పిల్లల చేతికిచ్చిన చాలును.

ఇక ఆక్షేపణలు. పెద్దలు కొందరు, రచయితయే వచ్చి అర్థము చెప్పినచో పిల్లవాడు ఆలోచించుట మానుననియు, ఆయన మాటయే తీర్పగుననియు అందురు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. మెదకు సీమలోని కొలిచెలమ వాడైన మల్లినాథసూరి కాళిదాసును చూచినవాడు కాడు. శతాబ్దముల తరువాత పుట్టినవాడు. కవిని అడుగు వీలు లేకపోవుట చేతనే ఆయన ప్రతి పదమును తూచి చూచి వ్యాఖ్యానించినాడు. కవి దొరకకపోవుట పాఠకునికి ఒక విధముగా మేలే చేసినది. మరి గ్రీకు తత్త్వవేత్త సోక్రటీసు, ప్లేటో వ్రాసిన సంవాదమొకదానిలో, ఇందుకు విరుద్ధమైన బాధ వెలిబుచ్చును: వ్రాత చిత్రపటము వంటిది, జీవము ఉన్నట్లే కనబడును గాని ప్రశ్నించినచో మౌనము వహించును అని. ఇద్దరి మార్గములును మనకు కావలెను. పిల్లవాడు మొదట మల్లినాథునివలె తానే వెదకవలెను. పిదప సోక్రటీసువలె ఎదుటనున్నవానిని ప్రశ్నింపవలెను. రచయిత తన కథకు ఒక సాక్షి మాత్రమే, న్యాయాధిపతి కాడు. ఈ మాటను సభకు ముందే పిల్లలకు చెప్పవలెను, రచయితకును చెప్పవచ్చును. మా బాలిక ప్రశ్నకు రచయిత ఇచ్చిన జవాబులో తీర్పు లేదు, ఒప్పుకోలు ఉన్నది. అందుచేతనే ఆమె మాటాడగలిగినది.

ఫోనుల వలన పిల్లలు చెడిపోవుచుండగా మరల తెర ఎందుకని మరికొందరి వాదము. పిల్లలను తెరకు కట్టివేయుమని నేను చెప్పుట లేదు. నెలకు ఒక నలుబది నిమిషములు, దాని వెనుక రెండు వారముల పుస్తక పఠనము. ఇందు తెర పాలు ఎంత, పుస్తకము పాలు ఎంత అన్నది లెక్క చూచుకొనుడు.

సాధనములు లేవను మాట గూడ నిలువదు. పట్టణములలోను గ్రామములలోను మనము కట్టు ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను చేరియున్నది. ఆ సొమ్ముతో శాఖా గ్రంథాలయములలో తెర నొకటి ఏర్పాటు చేయుమని అడుగు హక్కు మనకు ఉన్నది. జడ్చర్లలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల, 1952 నుండి 1956 వరకు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన బహుభాషా కోవిదుడు బూర్గుల రామకృష్ణారావుగారి పేరు ధరించినది. ఇట్టి కళాశాలల విద్యార్థులు చుట్టుపట్ల ఉన్నత పాఠశాలలకు పోయి యంత్రమును అమర్చి పెట్టినచో, మా వంటి వృద్ధ ఉపాధ్యాయుల తడబాటు తీరును. వారికిని సాహిత్యముతో చెలిమి కలుగును.

"ఆయన్నే అడగొచ్చు గద" అన్న పిల్లవాడు మా రెండవ ముఖాముఖి నాటికి మా పాఠశాలలో లేడు. తల్లిదండ్రులతో పని వెంట ఎటో పోయినాడని తోటివారు చెప్పినారు. వాడు ఏమి అడుగదలచినాడో నాకు నేటికిని తెలియదు. ఉపాధ్యాయ మిత్రులారా, రచయితను వెదకుటకు ముందు, యంత్రమును అమర్చుటకు ముందు, మీ తరగతిలో వెనుక బల్లపై లేచి నిలిచినవానిని చూచి నవ్వకుడు. ఏమి అడుగదలచినాడో వానిని అడుగుడు.